బూతు అనే గది

ఆ సినిమా హాల్లో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసి ఒక్క సినిమా కూడా సరిగ్గా చూడని మనిషి టార్చక్క ఒక్కతే. చీకట్లో టార్చి లైటు పట్టుకుని జనాన్ని సీట్ల దగ్గరికి చేర్చడం ఆమె పని. అసలు పేరు జీతం పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. జనమంతా తెర వైపు చూస్తుంటే టార్చక్క జనం వైపు చూసేది. అదేదో వైరాగ్యం కాదు, పని అలాంటిది. ఎవడు సిగరెట్టు వెలిగించాడు, ఎవడి కాళ్ళు ముందు సీటు మీదికి ఎక్కాయి, ఎవరికి కళ్ళు తిరుగుతున్నాయి, ఇవన్నీ కనిపెట్టాలంటే తెరకి వీపు పెట్టి నిలబడాలి. తెర మీద మంట వస్తే వీళ్ళ ముఖాలు ఎర్రబడేవి, వెన్నెల వస్తే తెల్లబడేవి. కథ ఎటు పోతోందో ఆమెకి ఆ ముఖాల్లోనే తెలిసిపోయేది.

"బొమ్మ ఎలా ఉందక్కా?" అని గేటు దగ్గర ఎవరైనా అడిగితే, "మూడో వరసలో నలుగురు నిద్రపోయారు" అని చెప్పేది. ఆ మాటకి తిరుగుండేది కాదు. హాలు ఓనరు కూడా మొదటి ఆట వదలగానే పత్రికలవాళ్ళ కంటే ముందు ఆమెనే అడిగేవాడు.

హాలు వెనక ఇనుప మెట్లు ఎక్కితే పైన ఒక గది ఉంది. రెండు ప్రొజెక్టర్లు, గోడకి రెండు చిన్న అద్దాల కిటికీలు, రీళ్ళు చుట్టే బల్ల, తెగిన ఫిలిం అతికించే మందు వాసన, ఒక ఎత్తు స్టూలు. ఆ స్టూలు మీద ఇరవై రెండేళ్ళుగా టార్చక్క తమ్ముడు కూర్చుంటున్నాడు. ఆపరేటరు. తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, ఈమెకి పదహారు. వాడికి తల దువ్వింది, లెక్కలు చెప్పింది, జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంది ఈమే. మొగుడు పోయాక మళ్ళీ వాడి దగ్గరికే వచ్చేసింది. వాడే ఓనరుతో చెప్పి ఈ టార్చి ఉద్యోగం ఇప్పించాడు.

మిగతా చోట్ల ఆ గదిని ఏమంటారో గాని, ఆ హాల్లో బూతు అనేవారు. హాలు కట్టిన కొత్తలో ఎవరో చదువుకున్న పెద్దమనిషి దాన్ని బూత్ అన్నాడట. మన నోటికి పొల్లు ఆనదు కదా, ఒక కొమ్ము తగిలించి బూతు చేసేశారు. ఇక చూసుకోండి. "ఆపరేటరు ఎక్కడ?" "బూతులో ఉన్నాడు." "బూతు ఊడ్చారా?" "బూతుకి సున్నం వేయించి ఎన్నాళ్ళయింది?" కొత్తగా చేరినవాళ్ళు వారం రోజులు పడీ పడీ నవ్వేవారు. ఎనిమిదో రోజుకి వాళ్ళూ, "ఈ డబ్బాలు బూతులో పెట్టి రా" అని ఎంతో గంభీరంగా చెప్పేవారు. వాడి వాడి ఆ మాట అరిగిపోయింది. అరిగిన మాటకి పదును ఉండదని మనం అనుకుంటాం.

ఆ పదును ఒకసారి తగలనే తగిలింది. తమ్ముడికి ఒక సంబంధం వచ్చింది. కుర్రాడి అలవాట్లు ఎలాంటివని పిల్ల తండ్రి అడిగితే, టార్చక్క మురిసిపోతూ, "ఏ అలవాటూ లేదండీ. చిన్నప్పట్నుంచీ వాడికి బూతంటే ప్రాణం. పొద్దస్తమానం అందులోనే ఉంటాడు" అంది. ఆయన చేతిలో గ్లాసు కింద పెట్టి, పని ఉందని లేచాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆమెకి విషయం వెలగలేదు. తమ్ముడు మాత్రం మూడు రోజులు నవ్వాడు. "నీ నోటికి తాళం వేసి చెవి నాకివ్వవే అక్కా" అన్నాడు. పెళ్ళి ఊసు ఆ తర్వాత మళ్ళీ గట్టిగా ఎత్తలేదు, అది వేరే సంగతి.

ఇంతకీ ఆ బొమ్మ గురించి చెప్పాలి. యుద్ధానికి భయపడి ఊళ్ళు వదిలి పారిపోతున్న జనం కథ. గూడ్సు బండి పెట్టెలో కుక్కినట్టు కూర్చుని పోతుంటారు. అందులో ఒకామెకి నొప్పులొస్తాయి. అంతమంది మధ్య, ఆ ఇనుప నేల మీద బిడ్డని కంటుంది. నాలుగు నిమిషాల సీను. పాట లేదు, వాయిద్యం లేదు, బండి చప్పుడూ ఆమె అరుపూ తప్ప. ఒంటి మీద బట్ట ఎక్కడుందో ఆమెకీ తెలియదు, చూపించినవాడూ దాచలేదు. సెన్సారు బోర్డు వాళ్ళు పెద్దలకు మాత్రమే అని రాసి వదిలేశారు.

టార్చక్క ఆ సీను చూడలేదు. ఏడు రోజులు, రోజుకి మూడు ఆటలు, ఆ అరుపు వీపు వెనక వింది. ముందున్న ముఖాలు చూసింది. మొదటి క్షణం ముందు వరసల్లో ఒకడు ఈల వేసేవాడు. ప్రతి ఆటలోనూ ఎవడో ఒకడు ఉండేవాడు. ఇంకోడు కిసుక్కుమనేవాడు. ఆ తర్వాత ఎవరో గొంతు పట్టుకున్నట్టు హాలంతా ఆగిపోయేది. తిండి పొట్లాల చప్పుడు కూడా ఉండేది కాదు. ఈల వేసినవాడు తన చెప్పుల వైపు చూసుకునేవాడు. ఒక ముసలాయన కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచాడు. ఎడమొహం పెడమొహంగా వచ్చి కూర్చున్న మొగుడూ పెళ్ళాలు ఉన్నారు. అతను చీకట్లో తడుముకుంటూ ఆమె చెయ్యి వెతుక్కున్నాడు. ఆ రోజు ఆట వదిలాక టార్చక్క ఇనుప మెట్లెక్కి, "ఏం చూపిస్తున్నావురా వాళ్ళకి?" అని తమ్ముడిని అడిగింది. "నిన్నూ నన్నూ అమ్మ ఎలా కన్నదో అది" అన్నాడు వాడు.

ఎనిమిదో రోజు ఓనరు నుంచి కబురొచ్చింది. ఒక సంఘం పెద్ద ఫిర్యాదు ఇచ్చాడట. బొమ్మ చూశాడా అంటే లేదు, అలాంటివి తాను చూడనని ఆ ఫిర్యాదులోనే గొప్పగా రాసుకున్నాడు. ఓనరు ఫోన్లో తమ్ముడితో, "ఎందుకొచ్చిన గొడవ, ఆ నాలుగు నిమిషాలు లెన్సుకి అట్ట అడ్డం పెట్టెయ్" అన్నాడు. బూతులో అట్టముక్క ఎప్పుడూ ఉండేది. చెత్త బొమ్మలకి, పోలీసులు హాల్లో ఉన్నారని కబురు తెలిసినప్పుడు, తమ్ముడు దాన్ని ఎన్నిసార్లు వాడాడో లెక్కలేదు. ఈసారి వాడనన్నాడు.

"అట్ట పెడితే అందులో ఏదో పాడు ఉందని మనమే చెప్పినట్టవుతుంది కదక్కా," అన్నాడు. "లేనిదాన్ని నా చేత్తో నేను ఎందుకు అంటిస్తాను?"

ఆమె కాదనలేదు. కాదని ఉంటే వినేవాడేమో. ఈ ఆలోచన తర్వాత ఆమెని చాలా తినేసింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆటలో, సరిగ్గా ఆ సీను ముందు, దీపాలు వెలిగాయి. పోలీసులు మెట్లెక్కి రీళ్ళ డబ్బాలు కిందికి దించారు. వాటి వెనకే తమ్ముణ్ణి దించారు. వాడు మెడ వెనక్కి తిప్పి, "మిషను వేడిగా ఉంది, ఎవరైనా ఆపండి" అంటూనే ఉన్నాడు. కేసులో ఓనరుది మొదటి పేరు, ఆపరేటరుది రెండోది. ఓనరుకి ఆ సాయంత్రమే బెయిలొచ్చింది.

బోర్డు వదిలిన బొమ్మకి కేసేమిటని మీరడగొచ్చు. టార్చక్క కూడా అడిగింది. అక్కడి చట్టంలో ఒక మెలిక ఉంది. బోర్డు వదిలినా, ఫిర్యాదు వస్తే అది అశ్లీలమా కాదా అని కోర్టు మళ్ళీ తేల్చవచ్చు. అశ్లీలమని తేలితే, తెలిసి చూపించినవాడు నేరస్థుడు. తెలియక చూపించినవాడు కాడు. మొత్తం కేసు ఈ 'తెలిసి' అనే మాట చుట్టూ తిరుగుతుందని ప్లీడర్లందరికీ తెలుసు, ఓనరుకీ తెలుసు. తెలియనిది వీళ్ళిద్దరికే.

మర్నాడు పొద్దున వాంగ్మూలానికి స్టేషన్‌కి రమ్మన్నారు. తమ్ముడి గురించి నాలుగు మంచి మాటలు చెబితే వదిలేస్తారనుకుంది పిచ్చిది. ఉతికిన బట్టలు కట్టుకుని వెళ్ళింది. స్టేషన్ రైటరు లావుపాటి మనిషి, మర్యాదగానే కూర్చోమన్నాడు. అతను దుర్మార్గుడని నేను చెప్పను. విన్నది విన్నట్టు రాయడమే అతని ఉద్యోగం. అలా రాయడమే కొంప ముంచింది.

"మీ తమ్ముడు ఏం చేస్తుంటాడు?"

"బూతు నడుపుతాడండీ."

రైటరు కలం ఆగింది. తలెత్తి చూశాడు. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఇరవై రెండేళ్ళు. అంతకు ముందు మా మావయ్య నడిపేవాడు. ఆయనే వీడికి దగ్గరుండి నేర్పించాడు."

"ఓనరుకి ఈ సంగతి తెలుసా?"

"ఆయనకి బూతు గురించి ఏం తెలుసండీ పాపం. మోకాళ్ళ నొప్పులు, మెట్లు కూడా ఎక్కలేడు. అంతా వీడే. ఇంకొకరిని వేలు పెట్టనివ్వడు."

"నీకెప్పుడూ తప్పనిపించలేదామ్మా?"

ఈ ప్రశ్న ఆమెకి వింతగా తోచింది. పనివాడిని చిన్నచూపు చూస్తున్నాడనుకుంది. కొంచెం రోషం కూడా వచ్చింది. "తప్పేముందండీ? మా ఇద్దరికీ ఇన్నాళ్ళూ అన్నం పెట్టింది ఆ బూతే. దాన్ని నేను ఎందుకు కాదనుకుంటాను?"

రైటరు రాసింది మొదటి నుంచీ చదివి వినిపించాడు. ఒక్క మాట పొల్లు పోలేదు. చెవికి అదే మాట, మనసులో అదే గది, అదే స్టూలు, అదే మందు వాసన. చక్కగా రాశారండీ అని మెచ్చుకుని సంతకం పెట్టింది. ఇంటికొచ్చి ఆ రోజు కాస్త అన్నం కూడా తినగలిగింది.

పదిహేను రోజులకి కేసులోంచి ఓనరు పేరు తీసేశారు. తమ్ముడికి బెయిలు రాలేదు. ఆమె పెట్టుకున్న ప్లీడరు వయసులో చిన్నవాడు, ముఖాన విసుగు ఉన్నా మనసు మంచిది. కాగితాలు తెప్పించుకుని చదివి, ఆమెని పిలిపించాడు.

"ఈ వాంగ్మూలం మీరే ఇచ్చారా?"

"నేనేనండీ."

"అమ్మా, ఒక మాట చెప్పండి. బూతు అంటే ఏమిటి?"

"అదేనండీ, మిషన్లుండే గది."

ప్లీడరు కాగితం ఆమె వైపు తిప్పి, వేలు పెట్టి మెల్లగా చదివాడు. "నా తమ్ముడు ఇరవై రెండేళ్ళుగా బూతు నడుపుతున్నాడు. ఇది మా మేనమామ నేర్పిన విద్య. ఓనరుకి బూతు సంగతి తెలియదు. నాకు ఇందులో తప్పు కనిపించలేదు. బూతే మాకు అన్నం పెట్టింది." చదవడం ఆపి, "లోకంలో అందరికీ బూతు అంటే బూతేనమ్మా" అన్నాడు.

అప్పుడు వెలిగింది ఆమెకి. కుర్చీ చెయ్యి పట్టుకుని కూర్చుంది. నోరా, వీపుకు దెబ్బలు తేకే అంటారు. ఆమె నోరు దెబ్బలు తెచ్చింది తన వీపుకి కాదు, పెంచిన బిడ్డలాంటివాడి వీపుకి. ఆ బాధ ఎలాంటిదో రాయడానికి నాకు చేతకాదు. తన నాలుక కోసేసుకోవాలనిపించిందని ఆమే తర్వాత చెప్పింది.

"ఆ గదిని అలాగే పిలుస్తారని ఓనరు కోర్టులో ఒక్క మాట చెబితే చాలు," అన్నాడు ప్లీడరు.

ఓనరు ఇంటికి వెళ్ళింది. ఆయన ముక్కాలిపీట మీద కాలు చాపుకుని, మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. "అయ్యో, దానికేముంది, చెబుతాను. వాడు నా మనిషి కాదూ" అన్నాడు. ఆమె ఆ మాట పట్టుకుని మూడు వారాలు బతికింది.

విచారణ రోజు కోర్టు గది కిటకిటలాడింది. బూతు కేసంటే జనానికి ఎక్కడలేని తీరికా దొరుకుతుంది. మేజిస్ట్రేటు ఆ బొమ్మ చూడలేదు. చూపించే వీల్లేదు. అక్కడ ప్రొజెక్టరు నడిపే లైసెన్సు ఉన్నవాడు ఒక్కడే, వాడు బోనులో నిలబడి ఉన్నాడు. కాబట్టి సీను ఎలా ఉందో ఫిర్యాదు చేసినాయన చెప్పాడు, ఆయనా చూడలేదు. ఆయన వర్ణించిన తీరుకి మాత్రం గుమాస్తా చెవులు ఎర్రబడ్డాయి. ఆ బొమ్మలో లేని పచ్చిదనమంతా ఆయన నోట్లో ఉంది.

తర్వాత టార్చక్కని పిలిచారు. సర్కారు ప్లీడరు లేచాడు.

"మీరు ఆ దృశ్యం చూశారా?"

"లేదండీ."

"చూడకుండానే అందులో తప్పేమీ లేదంటున్నారా?"

"చూసినవాళ్ళని చూశానండీ."

ఎవరో నవ్వారు. మేజిస్ట్రేటు నవ్వలేదు. ఏదో గుర్తు వచ్చినట్టు కాస్త ముందుకి వంగాడు. జనం మనసు చెడిపోతుందా లేదా అన్నదే కదా ఆయన తేల్చాల్సింది. ఆ జనం ముఖాల్లోకి చూసిన మనిషి ఈ గదిలో ఈమె ఒక్కతే. "ఏం చూశావమ్మా?" అని అడిగాడు.

చెప్పింది. ఈల సంగతి దాచలేదు. ఈల వేసినవాడు తన చెప్పుల వైపు చూసుకున్నాడని చెప్పింది. కళ్ళజోడు ముసలాయన గురించి చెప్పింది. మొగుడు పెళ్ళాం చెయ్యి వెతుక్కోవడం గురించి చెప్పింది. "ఏడిచారండీ. మగవాళ్ళు కూడా ఏడిచారు. చెడిపోయినవాళ్ళ ముఖాలు నాకు తెలుసండీ, వేరే బొమ్మలకి చాలా చూశాను. ఇవి అవి కావు" అంది. ప్లీడరు ముఖం విచ్చుకుంది. బోనులో తమ్ముడు మొదటిసారి తల నిటారుగా ఎత్తాడు. ఆ ఒక్క నిమిషం అంతా గట్టెక్కినట్టే ఉంది.

సర్కారు ప్లీడరు తొందరపడలేదు. ఒక కాగితం తీసి, కళ్ళజోడు సర్దుకుని, వాంగ్మూలం చదవడం మొదలుపెట్టాడు. రెండో వాక్యానికి వెనక బెంచీ నవ్వింది. 'మేనమామ నేర్పిన విద్య' దగ్గర గది మొత్తం గొల్లుమంది. మేజిస్ట్రేటు బల్ల కొట్టాడు గాని, ఆయన పెదవీ కదిలింది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. ఆమె నవ్వేవాళ్ళ ముఖాలు చూస్తూ నిలబడింది. ముఖాలు చదవడమే కదా ఆమె పని. ఆ ముఖాల్లో ఆమెకి ఏం కనపడిందో గాని, మాట తడబడింది.

"అది గది పేరండీ. మిషన్ల గదిని బూతు అంటాం."

"హాలు లైసెన్సు ప్లానులో దాని పేరు ప్రొజెక్షను గది అని ఉంది," అన్నాడు సర్కారు ప్లీడరు. "ఓనరునే అడుగుదాం."

ఓనరు కర్ర పట్టుకుని లేచాడు. రోజూ హాలు వరండాలో నిలబడి "బూతులో ఎవడ్రా, సౌండు తగ్గించు" అని అరిచిన మనిషి. ఆ గది బూతు అని ఒప్పుకుంటే, వాంగ్మూలం విలువ పోతుంది. వాంగ్మూలం పోతే తన పేరు మళ్ళీ కేసులోకి వస్తుంది. ఇదంతా ఆయనకి ఎవరో విడమరిచి చెప్పే ఉంటారు. ఆయన నీళ్ళు కూడా నమల్లేదు.

"మేం క్యాబిన్ అంటామండీ. ఇంకో పేరు నేనెప్పుడూ వినలేదు."

టార్చక్క ఆయన వైపు చూసింది. ఆయన తన కర్ర వైపు చూసుకున్నాడు.

మేజిస్ట్రేటు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఆ కాగితంలో ఉన్నవి నువ్వు చెప్పిన మాటలేనా?"

"నా మాటలేనండీ. కానీ..."

"చదివి వినిపించారా?"

"వినిపించారండీ."

"అయితే అక్కడ చెప్పింది ఒకటి, ఇక్కడ ప్రమాణం చేసి చెప్పింది ఒకటి. రెంట్లో ఒకటి అబద్ధం. అబద్ధపు సాక్ష్యానికి విడిగా కేసు ఉంటుంది, శిక్ష ఉంటుంది. ఏది అబద్ధమో ఆలోచించి చెప్పు."

కాగితం అబద్ధమంటే తాను లోపలికి. నిజమంటే తమ్ముడు లోపలికి. ఆ రెండూ నిజమేనని, మధ్యలో ఉన్న తేడా ఒక్క కొమ్మేనని చెబితే వినేవాళ్ళెవరూ ఆ గదిలో లేరు. మింగలేకా కక్కలేకా నిలబడిపోయింది. చివరికి ఒక నిర్ణయానికి వచ్చినట్టు, "ఆ కాగితమే..." అని నోరు తెరిచింది. అబద్ధం అనబోతోందని తమ్ముడికి తెలిసిపోయింది. అక్క ముఖం వాడికి తెలియదా.

"అయ్యా," అన్నాడు బోనులోంచి. గట్టిగా కూడా అనలేదు. "మా అక్క ఎక్కడా అబద్ధం చెప్పలేదు. కాగితంలో ఉన్నదంతా నిజం. ఇరవై రెండేళ్ళుగా బూతు నడిపింది నేనే. మావయ్య నేర్పితే నేర్చుకున్నాను. ఓనరుగారికి ఏమీ తెలియదు. రాసుకోండి."

"నేరం ఒప్పుకుంటున్నావా?"

"కాగితం ఒప్పుకుంటున్నానండీ."

గుమాస్తా రాశాడు. వాడి ప్రతి మాటా నిజం. ఏ అర్థంలో నిజమో వాడికీ అక్కకీ తెలుసు, కర్ర వైపు చూసుకుంటున్న ఓనరుకీ తెలుసు. ప్లీడరు లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. టార్చక్క "ఒరేయ్, వద్దురా" అంది. అడగనిదే సాక్షి మాట్లాడకూడదని బంట్రోతు ఆమెని దింపేశాడు.

ఎనిమిది నెలలు వేశారు. ఆపరేటరు లైసెన్సు రద్దు చేశారు. ఆ నాలుగు నిమిషాల ముక్క కోసి తగలబెట్టమన్నారు. కోసింది ఎవరో తెలియదు, తమ్ముడు ఉంటే అతుకు కనపడకుండా కోసేవాడు. వారంలోపే ఓనరు పెయింటరుని పిలిపించి ఆ గది తలుపు మీద క్యాబిన్ అని పెద్ద అక్షరాలతో రాయించాడు. ఎవరైనా వేరే పేరుతో పిలిస్తే ఉద్యోగం ఊడుతుందని చెప్పాడు. టార్చక్క ఆ ఇబ్బంది పెట్టలేదు. టార్చి గేటు దగ్గర బల్ల మీద పెట్టి ఆమే మానేసింది.

నెలకొకసారి చూడనిచ్చేవారు. జైలు గేటు దగ్గర ఆడవాళ్ళ వరస పొడుగ్గా ఉంది. కిటికీ వెనక కూర్చున్నవాడు తలెత్తకుండా ఖైదీ పేరు, ఏం కేసు అని అడిగి రాసుకుంటున్నాడు. ముందున్నామె "దొంగతనం" అంది. ఇంకొకామె "కొట్లాట, కత్తి" అంది. కూరగాయలు చెప్పినంత తేలిగ్గా చెప్పేశారు. ఈమె వంతు వచ్చింది.

"ఏం కేసు?"

ఆమె కొంగు సర్దుకుంది.

"ఏం కేసమ్మా? వెనక జనం ఉన్నారు."

"సినిమా కేసండీ."

"సినిమా కేసు అని ఏమీ లేదిక్కడ." వేలితో జాబితా వెతికాడు. "ఇదా? బూతు బొమ్మల కేసు. అదేనా?"

"అదేనండీ," అంది. వెనకున్నామె తన కూతురిని చెయ్యి పట్టుకుని దూరంగా లాక్కుంది.

లోపల ఇనుప వల అవతల తమ్ముడు నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు, చొక్కా భుజాల మీంచి జారుతోంది. పది నిమిషాలే ఇస్తారు. క్షమించమని అడగాలని నెల రోజులుగా మాటలు కూడగట్టుకుని వచ్చింది. వాడు అడగనివ్వలేదు. "తిన్నావా?" అన్నాడు. "మందులు వేసుకుంటున్నావా?" అన్నాడు. ఆమె తల ఊపుతూ ఉంది. తర్వాత వాడు గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, నాకు పైనుంచి వెనక తలకాయలే కనపడేవి. ముఖాలు చూసింది నువ్వు. నిజంగా ఏడిచారా, లేక నా కోసం చెప్పావా?"

"నిజమేరా. ఒట్టు."

"అంతమంది ఏడిస్తే, ఒక్కరూ కోర్టుకి రాలేదేం?"

ఈ సంగతి వాడికి చెప్పకూడదనుకుంది. కానీ వాడి ముందు అబద్ధం ఆడే ఓపిక ఆమెకి లేదు.

"అడిగానురా. విచారణకి ముందే అడిగాను. ఆ కళ్ళజోడు ఆయన దుకాణానికి వెళ్ళాను. ఆ మొగుడూ పెళ్ళాల ఇంటికి కూడా వెళ్ళాను."

"ఏమన్నారు?"

"ఆ సినిమాకి రానేలేదన్నారు."

తమ్ముడు వల పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కోర్టులో శిక్ష చదివినప్పుడు కూడా వాడి ముఖం అలా లేదు.

"ప్రతి ఆటా నిండింది కదక్కా," అన్నాడు.

టైమైపోయిందని వార్డరు వాణ్ణి లోపలికి తీసుకెళ్ళాడు.